ముఖం కడిగిన మట్టి

మట్టి పరీక్షల ల్యాబు, మేడమీది గది
తొలి వానలప్పుడు

వదినకి,

ఇక్కడ నేను క్షేమం. గ్యాసు కొలిచే మా మెషిను మాత్రం క్షేమంగా లేదు, నిన్నటి నుంచీ మూలుగుతోంది. అది కుదుటపడేలోపు ఈ ఉత్తరం రాసి, ఖాళీ సీసాల పెట్టెలో పెట్టి ఆఫీసు వ్యానులో పంపుతున్నాను. మీ దగ్గర ఫోను పలకదు కాబట్టి ఇకనుంచి మన కబుర్లన్నీ ఈ పెట్టెలోనే.

మొన్న నేను వచ్చి మట్టిలో పాతిన ఇనుప రింగులు గుర్తున్నాయిగా. పొలంలో మూడు, కంచె అవతల అడవిలో మూడు. వారానికోసారి పొద్దున్నే ఒక్కో రింగు మీద నేనిచ్చిన మూత పెట్టె బోర్లించు. కాసేపాగి పెట్టె మీదున్న రబ్బరు బిరడాలోకి సిరంజి గుచ్చి, లోపలి గాలి లాగి, సీసాలోకి ఎక్కించు. లాగేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకుని ఊపిరి బిగబట్టు. నీ ఊపిరి కలిసిందంటే మట్టి ఊపిరేదో నీ ఊపిరేదో మెషినుకి తెలియదు.

మట్టికి ఊపిరేంటే అని ఆ రోజు నవ్వావు. చెంచాడు మట్టిలో కంటికి కనబడని ప్రాణులు కోట్లలో ఉంటాయి వదినా. అవీ తింటాయి, అవీ ఊపిరి వదులుతాయి. అందులో ఒక గ్యాసు ఉంటుంది, పళ్ల డాక్టర్లు పీల్పించే నవ్వించే గ్యాసు అంటారే, అదే. మాకు కావలసింది అది. ఎక్కువొస్తే మంచిదా తక్కువొస్తే మంచిదా అని మాత్రం అడగకు. రైతులకి ఆ సంగతి చెప్పకూడదని మా ఆఫీసు పెద్దాయన ఆర్డరు. చెబితే సాగు పద్ధతి మార్చేసుకుంటారట, కొలత పాడవుతుందట.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు

*

పొలం దగ్గరి ఇల్లు, వంటింటి గడప మీద
వానలు పట్టాక

పిచ్చుకా,

ఎంత ఆఫీసరమ్మవైనా నాకు పిచ్చుకవే. నేను కాపురానికొచ్చిన రోజున తలుపు చాటునుంచి నా గాజులు లెక్కపెట్టిన పిల్లవి, నీ ఉత్తరంలో ఆర్డర్లు చూస్తే నాకు నవ్వాగలేదు.

నీ పని మొదలుపెట్టా. మూతి పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి సిరంజి లాగుతుంటే, మీ అన్నయ్య గట్టుమీద నిలబడి "మట్టితో అలిగావా?" అన్నారు. ఏడాదికో మాట మాట్లాడే మనిషి, ఆ మాట కాస్తా నా మీదే వాడేశారు. ఇక నవ్వించే గ్యాసు మన నేల్లోంచి వస్తుందంటే నేను చచ్చినా నమ్మను. ఆయన పొద్దస్తమానం ఆ నేలమీదే ఉంటారు, ఇన్నేళ్ల కాపురంలో ఆయన పళ్లెన్నో నాకింతవరకూ తెలియదు.

అడవి ఆఫీసువాళ్లు వచ్చి వెళ్లారు. మన పొలానికి వాళ్లిచ్చిన లీజు ఈ ఏడాదితో ఆఖరు కదా. అడవి అంచున ఉన్న పొలాల్లో కొన్నింటిని రైతుల దగ్గరే ఉంచి, కొన్నింటిని వెనక్కి తీసుకుని చెట్లు పెడతారట. ఏవి ఉంచాలో ఏవి తీసుకోవాలో పైవాళ్లు తేలుస్తారట. నాకు కాళ్లూ చేతులూ ఆడటంలేదు. ఆయనకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. "మట్టి చూస్తే వాళ్లకే తెలుస్తుందిలే" అంటారు.

నిజమేననుకో. మొదట్లో గునపం దిగేది కాదు ఆ నేల. రాలిన ఆకు, పేడ, కోతయ్యాక మిగిలిన దుబ్బులు, అన్నీ దానికే పెట్టారు. ఇప్పుడు ఉత్తచేత్తో తవ్వినా మోచేతిదాకా దిగుతుంది. మాకు పిల్లల్లేరని ఎవరన్నా జాలిపడితే, ఆయన పిడికెడు మట్టి తీసి వాళ్లకి చూపిస్తారు.

ఆ మట్టి ఊపిరే ఇప్పుడు నీ ఆఫీసుకి వస్తోంది. పదిమందిలో నీకు చిన్నతనం రాకుండా చూసుకునే పూచీ నాది. ఎలాగో అడగకు. నీకు మాత్రమే రహస్యాలుంటాయా.

మీ వదిన

*

ల్యాబు, మేడమీది గది

వదినా,

సీసాలు ఒక్కటీ పగలకుండా చేరాయి. అడవి రింగుల అంకెలు చిన్నవి, అవి ఎప్పుడూ అలాగే ఉంటాయి. మన పొలం అంకె మాత్రం పెద్దది. అంచున మేము కొలుస్తున్న పొలాలన్నిట్లోకీ పెద్దది. మెషిను తప్పేమోనని మళ్లీ పెట్టి చూశాను. మళ్లీ అదే వచ్చింది.

అన్నయ్య ఈసారి పొలంలో ఎరువేమన్నా ఎక్కువేశాడా? ఊరికే అడుగుతున్నా. నేనడిగానని తనకి చెప్పకు.

లీజు గురించి రాశావు. దాని సంగతి నన్నడగకు వదినా. నిజంగానే అడగకు.

పొద్దున అద్దం ముందు నిలబడితే నువ్వు గుర్తొచ్చావు. బడికి బయల్దేరేముందు చన్నీళ్లతో నా ముఖం తోమి తోమి ఎర్రగా చేసేదానివి. మనింటి పిల్ల మాసిపోయి కనబడకూడదు అనేదానివి. బడిలో పరీక్ష తప్పినా, నా అంత శుభ్రంగా తప్పినవాళ్లు ఇంకొకరుండేవాళ్లు కాదు. ఎందుకో ఈమధ్య ధైర్యం చాలనప్పుడల్లా ఆ చన్నీళ్లే తలుచుకుంటున్నా.

నీ మరదలు

*

పొలం దగ్గరి ఇల్లు
నాగలి కడిగిపెట్టిన రోజు

పిచ్చుకా,

అన్ని పొలాల్లోకీ మనదే పెద్దదా. ఆ ముక్క ఉత్తరం మొదట్లో రాయకుండా సీసాలు పగల్లేదని మొదలుపెడతావేంటే.

చెప్పొద్దన్నావు గానీ నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా చెప్పడం నీ తప్పే. ఆయనకి అప్పుడే చెప్పేశా. "ఊపిరి ఎక్కువుందంటే ప్రాణం ఎక్కువుందన్నమాట" అన్నారు. అని, కంచెదాకా నడిచి, వెనక్కొచ్చి, "నిజంగా మనదేనా పెద్దది?" అని మళ్లీ అడిగారు. ఆ రోజంతా ఆయన నడకే మారిపోయింది. ఇక లీజు మాట నేనూ మర్చిపోయాను. ఇంత ప్రాణమున్న నేలని ఎవరు తీసుకుంటారు.

ఎరువంటావా, అది ఆయన చేతిలోంచి రాలాలంటే గగనం. ఎప్పటిలాగే పిసరంత వేశారు. నీ అనుమానం నీ దగ్గరే ఉంచుకో.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. శుభవార్త చెబుతూ నీ ఉత్తరం మొహం వేలాడేసుకుని ఉంది. వేళకి తింటున్నావా, లేక ఆ మెషిను పక్కనే నిలబడి నాలుగు మెతుకులు కొరుకుతున్నావా? దిగులుపడకు. వచ్చే వారం సీసాలు చూడు, ఇంతకంటే పెద్ద అంకె పంపిస్తా.

మీ వదిన

*

ల్యాబు
వానలు వెనకబట్టాక

వదినా,

ఇది కూర్చుని చదువు. అన్నయ్య ఎదురుగా చదవకు.

పెద్ద అంకె మంచిది కాదు. ఆ గ్యాసు పైకి పోయి లోకాన్ని వేడెక్కించే రకం. ఏ పొలం నుంచి అది ఎక్కువగా వస్తోందో తేల్చి, ఒక గీత గీసి, ఆ గీత దాటిన పొలాలన్నీ వెనక్కి తీసుకుని చెట్లు పెట్టాలని అడవివాళ్లు అనుకున్నారు. మమ్మల్ని కొలవమన్నది అందుకే. మన పొలం గీతకి చాలా పైన ఉంది. తీసుకునే పొలాల్లో మొదటిది మనదే.

ఇది దేనికి కొలుస్తున్నామో నాకు మొదట్నుంచీ తెలుసు. చెప్పకూడదన్నారు, నేను సరేనన్నాను. ఎందుకు సరేనన్నానంటే, అన్నయ్య మట్టి నాకు తెలుసు. అంచులో ఏ పొలం నిలిచినా నిలవకపోయినా మనది నిలుస్తుందని నాకు నమ్మకం. ఆ నమ్మకంతోనే మన పొలాన్ని కొలతలో పెట్టించాను. వారం వారం అంకె పెరుగుతుంటే ఏం చేయాలో తోచక, మెషినుని కడిగాను, గొట్టాలు మార్పించాను, మళ్లీ మళ్లీ కొలిచాను.

రిపోర్టు నా చేతులమీదుగానే పైకి పోయింది. నోటీసు రాకముందే నీకు ఈ ఉత్తరం అందాలని వ్యాను డ్రైవరుని బతిమాలాను.

నీ మరదలు

*

పొలం దగ్గరి ఇల్లు

పిచ్చుకా,

నోటీసు ముందొచ్చింది, నీ ఉత్తరం తర్వాతొచ్చింది.

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నా. ఉంది. పెద్ద అంకె వచ్చిందని నేను ఎగిరి గంతులేస్తూ రాస్తే, నువ్వు చదివి ఊరుకున్నావు చూడు, ఆ కోపం. మా ఇద్దర్నీ వెర్రివాళ్లని చేశావు. రాసేశాను కాబట్టి కొంచెం తగ్గింది, మిగతాది నువ్వొచ్చినప్పుడు చూసుకుందాం.

ఆయన మాత్రం నిన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పొలంలోకి వెళ్లి పిడికెడు మట్టి తీశారు, వాసన చూశారు, కింద పోసి చేతులు దులుపుకున్నారు. "నేను బాగుచేస్తున్నాననుకున్నా. ఇన్నాళ్లూ విషం కక్కించానన్నమాట" అన్నారు. నేను నీ మెషిన్ని తిట్టబోతే ఒప్పుకోలేదు. "చెల్లి కొలిచిందంటే తప్పుండదు. చెడిపోయిన నేల, పోతే పోయిందిలే" అన్నారు. పారలూ గునపాలూ కడిగి గోనెసంచుల్లో కడుతున్నారు. చూస్తూ కూర్చోవడం తప్ప నేను చేసేదేం లేదు.

నాకు ఒక్కటే మింగుడు పడటంలేదు. అంత ముస్తాబు చేసి పంపానే ఆ మట్టిని. గాలి పట్టేముందు రోజు సాయంత్రం, ఆయన చూడకుండా బస్తాలోంచి గుప్పెడు యూరియా తీసి, బకెట్టు నీళ్లలో కలిపి, మూడు రింగుల్లోనూ బురదయ్యేదాకా పోసేదాన్ని. బడికెళ్లే పిల్లకి ముఖం కడిగినట్టే అనుకో. మీ ఆఫీసులో మన మట్టి మాసిపోయి, నీరసంగా కనబడకూడదని. మనదే పెద్దదని నువ్వు రాశాక ఇంకాస్త పోశా. అడవికెవరు ముఖం కడుగుతారని దాని జోలికి పోలేదు. ఇంత చేసినా గెంటేశారంటే మన రాత. పొలం మా చేతిలో ఉన్నన్నాళ్లూ నేను పోస్తూనే ఉంటా.

మీ వదిన

*

ల్యాబు

వదినా,

రింగుల్లో ఇక నీళ్లు పోయకు. యూరియా అసలు వేయకు. ఎందుకని అడగకు. ఈ సంగతి అన్నయ్యకి చెప్పకు. మా పెద్దాయనతో మాట్లాడి మళ్లీ రాస్తాను.

నీ మరదలు

*

పొలం దగ్గరి ఇల్లు

అమ్మాయీ,

అడగకు అడగకు అని ఎన్నిసార్లు రాస్తావు. అడక్కుండా ఊరుకున్నందుకే ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడడుగుతున్నా. నా నీళ్లవల్లేనా?

మీ వదిన

*

ల్యాబు

వదినా,

నీ నీళ్లవల్లే.

మట్టిలో ప్రాణులకి మనలాగే గాలి కావాలి. నేల గుల్లగా ఉంటే గాలి అందుతుంది, హాయిగా ఉంటాయి. నీళ్లతో నానబెట్టేస్తే గాలి అందదు. అప్పుడవి ఏం చేస్తాయంటే, యూరియాలోంచి పుట్టిన నత్రజనిని పట్టుకుని, గాలికి బదులు దాంతోనే ఊపిరి తీసుకుని బతుకుతాయి. ఆ ఊపిరే ఈ గ్యాసు. నువ్వు యూరియా వేసి, బురద చేసి, మర్నాడు పొద్దున్నే మూత పెట్టి గాలి పట్టావు. లోకంలో ఏ నేలకి అలా చేసినా అంకె అలాగే వస్తుంది. పొలమంతా ఏం చేస్తోందో మెషినుకి తెలియదు, ఆ మూడు రింగుల్లో ఉన్నదే దానికి తెలుసు.

మా పెద్దాయన దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. నీ ఉత్తరం కూడా చూపించాను. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నమ్ముతానమ్మా. కానీ కాగితం మీద ఏమని రాయను? గాలి పట్టింది మీ వదిన. పొలం మీ అన్నయ్యది. ఇప్పుడు తప్పంటున్నది నువ్వు. ఇదే మాట ఇంకో రైతు గురించి చెప్పుంటే ఆ అంకెని కొట్టేయించేవాణ్ణి" అన్నాడు. మళ్లీ కొలుద్దామంటే మళ్లీ వానాకాలం రావాలి, నాటే మొక్కలు ఈలోపే వచ్చేస్తాయి. ఆయన చెడ్డవాడు కూడా కాదు వదినా. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

నువ్వు అడక్కపోతే చెప్పేదాన్ని కాదు. చెప్పకపోతే అన్నయ్య తన మట్టే చెడ్డదనుకుంటూ మిగిలిపోతాడు. చెబితే నీ మొహం నాకు కనబడుతూనే ఉంది. రెండిట్లో ఏది చేసినా ఎవరో ఒకరు ఏడుస్తారు, నేను కూర్చుని గొట్టాలు తుడుచుకుంటున్నాను. ఎక్కువొస్తే మంచిది కాదు అన్న ఒక్క ముక్క మొదటి ఉత్తరంలో రాసి ఉంటే, నువ్వు ఆ బకెట్టు ముట్టుకునేదానివే కాదు. కొలత పాడవకూడదని దాచమన్నారు, దాచాను.

అన్నయ్యకి చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు. నాకు చేతకావడంలేదు.

నీ మరదలు

*

పొలం దగ్గరి ఇల్లు
ఎండలు మొదలయ్యాక

పిచ్చుకా,

ఇన్నాళ్లూ రాయలేదంటే రాయలేకే. నీ ఉత్తరం బియ్యం డబ్బాలో దాచి, మూత తీసినప్పుడల్లా చూసి మళ్లీ మూసేదాన్ని. ఆయన రోజురోజుకీ చిక్కిపోతుంటే ఇక నావల్ల కాలేదు. గిన్నెలు తోముతూ, అటు తిరిగి, అంతా చెప్పేశా. బకెట్టు, యూరియా, బురద, అన్నీ.

అరుస్తారనుకున్నా. నవ్వారు. పళ్లన్నీ కనబడేలా నవ్వారు. నీ గ్యాసు ఇన్నాళ్లకి పనిచేసిందనుకున్నా. "అయితే మట్టి బాగానే ఉందన్నమాట" అన్నారు. ఆ పూట మారు వడ్డించమని కంచం చాపారు. నా గుండెలమీంచి బండ దిగినట్టయింది. ఇది ముందే చెప్పకుండా ఎందుకు చచ్చానా అనుకున్నా.

తెల్లారి చూస్తే మంచంమీద లేరు. వెళ్లి చూద్దును కదా, పొలం మధ్యలో కటిక నేలమీద కూర్చునున్నారు. లేవమంటే లేవరు. నేనూ పక్కన కూర్చుంటే అప్పుడన్నారు. "చెడిపోయిన నేలనుకున్నాను కాబట్టి వదిలేద్దామని మనసుని ఒప్పించుకున్నా. బాగున్నదాన్ని ఎలా వదలమంటావు?"

ఆ మనిషికి మిగిలిన ఒక్క ఓదార్పూ నేనే లాగేసుకున్నా. నీళ్లు పోసి నేల పోగొట్టా, నిజం చెప్పి ఈయన్ని ఇలా చేశా. ఇంకెప్పుడన్నా ఎవరికన్నా నేను మంచి చేయబోతే నా చేతులు కట్టెయ్యవే.

మొక్కల బండి వచ్చింది. కూలీలు గుంటలు తీస్తున్నారు. ఎక్కడ తీయాలో ఎంత లోతు తీయాలో ఆయనే పక్కనుండి చూపిస్తున్నారు. అడ్డదిడ్డంగా తవ్వితే అడుగు మట్టి పైకొచ్చి, పైమట్టి కిందికి పోతుందట. పిల్లని అత్తారింటికి పంపేవాళ్లు కూడా అన్ని జాగ్రత్తలు చెప్పరు.

నిన్న ఒకటి అడిగారు. రింగులు పీకేసేముందు ఆఖరుసారి గాలి పట్టమన్నారు. నేను పోయడం మానేసి నెలలైంది, మధ్యలో రెండు జల్లులూ పడ్డాయి, ఇప్పుడది ఉత్త మట్టి. నేను సిరంజి తీయబోతే ఆయనే అందుకున్నారు. మోకాళ్లమీద కూర్చుని, ముఖం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టారు. సిరంజి నిండింది. అయినా ఆయన ఊపిరి వదల్లేదు. ఇక చాలు, ఊపిరి తీసుకోండి అని నేను చెప్పాల్సి వచ్చింది.

పొలం సీసాలూ అడవి సీసాలూ పంపుతున్నా. ఎవరికీ అక్కర్లేదని తెలుసు. అంకె నాకు రాయకు, నేను చదవలేను. ఆయనకే రాయి.

మీ వదిన

*

ల్యాబు, మేడమీది గది

అన్నయ్యా,

నీ పేరున ఉత్తరం రాయడం ఇదే మొదలు. వదినకి రాసి, అడుగున నిన్నడిగానని చెప్పమనడం అలవాటైపోయింది.

నువ్వు పట్టిన సీసాలు నేనే మెషినులో పెట్టాను. నీ పొలం అంకె, కంచె అవతలి అడవి అంకె పక్కపక్కనే వచ్చాయి. సీసాలమీది చీటీలు పీకేస్తే ఏది పొలమో ఏది అడవో నేను చెప్పలేను. చెట్లు నాటి, అవి పెరిగి, ఒక తరం గడిచేసరికి ఆ నేలని ఏ అంకెకి తీసుకురావాలని వాళ్లు పథకంలో రాసుకున్నారో, నీ పొలం ఇవాళే అక్కడుంది.

ఈ మాట కాగితం మీద పెట్టి అడవివాళ్ల ఆఫీసుకి పట్టుకెళ్లాను. తీసుకున్నారు. ముద్ర వేసి నకలు నా చేతికిచ్చారు. దీన్నేం చేస్తారని అడిగితే ఫైలులో పెడతామన్నారు. కాసేపు అక్కడే నిలబడ్డాను. ఇంకేమన్నా ఉందా అని అడిగారు. లేదని వచ్చేశాను.

వస్తూ వస్తూ ఒకటడిగాను. కొత్త మొక్కలు ఎండల్లో బతకాలంటే నీళ్లు కావాలి కదా, ఎవరు పోస్తారని. దానికింకా మనుషుల్ని పెట్టలేదన్నారు.

వదినని నువ్వేమీ అనవని తెలుసు. ఆ బకెట్టు మళ్లీ ఆవిడ చేతికివ్వు. మొక్కలకి పోయమను. ఇకమీదట అక్కడ ఎవరూ ఏమీ కొలవరు.

నీ చెల్లెలు